డీజిల్ పికప్ వాహనాలకు ఆఫ్టర్‌మార్కెట్ ఎయిర్ ఫిల్టర్లు – ఎంపిక, అమరికలో మెలకువలు

టమాటాను మదనపల్లె మార్కెట్టుకు, మిరపను గుంటూరు యార్డుకు చేరవేయడంలో డీజిల్ పికప్ వాహనాల పాత్ర నేడు గణనీయమైనది. ఇవి తారు రోడ్లతో పాటు మట్టి బాటలపైన, పొలాల అంచుల్లోను తిరుగుతాయి. వేసవిలో ఎర్ర నేలలు, చల్కా నేలలున్న ప్రాంతాల్లో ముందు పోయే ట్రాక్టరు లేపిన దుమ్ములోనే వెనుక వచ్చే పికప్ ఇంజను గాలి పీల్చుకోవలసి వస్తుంది. ఆ దుమ్ముకు, ఇంజనుకు నడుమ ఉండే అడ్డు ఎయిర్ ఫిల్టరు ఒక్కటే.

వాహన తయారీ సంస్థ కాక ఇతరులు తయారుచేసి విపణిలో అమ్మే ఫిల్టర్లను ఆఫ్టర్‌మార్కెట్ ఫిల్టర్లు అంటారు. కొందరు రైతులు ధర తక్కువని, మరికొందరు శక్తి, మైలేజీ పెరుగుతాయన్న మాట నమ్మి వీటిని అమర్చుకుంటున్నారు. వీటిలో నాణ్యమైనవీ ఉన్నాయి. అయితే ఫిల్టరు మంచిచెడ్డలను అది ఎంత ధూళిని ఆపుతుంది, తన గూటిలో ఎంత బిగుతుగా కూర్చుంటుంది అనే రెండు అంశాలను బట్టి నిర్ణయించాలి.

ధూళి వల్ల కలిగే నష్టం

2.5 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు, సిలిండర్లు పూర్తిగా నిండుతాయనుకుంటే, నిమిషానికి 2500 లీటర్లు, అంటే గంటకు 150 ఘనమీటర్ల గాలి తీసుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనుకు ఇంకా ఎక్కువ గాలి అవసరం. దట్టమైన దుమ్ములో ఘనమీటరు గాలికి 1 గ్రాము ధూళి ఉందనుకుంటే, గంటకు 150 గ్రాముల ధూళి ఫిల్టరును చేరుతుంది. 99.9 శాతం ధూళిని ఆపే ఫిల్టరు అందులో 0.15 గ్రాములను, 99 శాతం ఆపేది 1.5 గ్రాములను లోనికి వదులుతుంది. శాతాల్లో స్వల్పంగా కనిపించే ఈ తేడా వల్ల ఇంజనులోకి చేరే ధూళి పదిరెట్లవుతుంది.

నేల ధూళిలో అధికంగా ఉండే క్వార్ట్జ్ ఖనిజపు కాఠిన్యం మోస్ కొలమానంలో 7. ఇది గాజును, సాధారణ ఇనుమును గీయగలదు. లోనికి చేరిన రేణువులు ఇంజన్ ఆయిలుతో కలిసి సానపట్టే ముద్దలా పనిచేసి పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తాయి. ఫలితంగా ఆయిలు ఖర్చు పెరుగుతుంది, పొగ నీలి రంగుకు మారుతుంది, చివరకు ఇంజను బోరుకు వస్తుంది. రైతుకు ఫిల్టరు ధరలో మిగిలిన సొమ్ము ఈ మరమ్మతు ఖర్చు ముందు ఏ మూలకూ చాలదు.

శక్తి, మైలేజీ నిజంగా పెరుగుతాయా?

డీజిల్ ఇంజను శక్తి ప్రధానంగా సిలిండరులోకి పంపే ఇంధన పరిమాణాన్ని బట్టి మారుతుంది. దహనానికి కావలసిన దానికన్నా ఎక్కువ గాలి సాధారణంగా అందుబాటులోనే ఉంటుంది. కనుక ఒరిజినల్ ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు అంతకంటే సులువుగా గాలి వదిలే ఫిల్టరు బిగించినందువల్ల చెప్పుకోదగిన ప్రయోజనం ఉండదు.

మరి కొత్త ఫిల్టరు వేయగానే బండి బాగా లాగుతోందని రైతులు చెప్పడానికి కారణం ఏమిటి? వారు పోల్చేది దుమ్ముతో పూడుకుపోయిన పాత ఫిల్టరుతో. పూడిన ఫిల్టరు వల్ల గాలి చాలక నల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. దాని స్థానంలో కొత్త ఒరిజినల్ ఫిల్టరు వేసినా అదే మెరుగుదల కనిపిస్తుంది.

పెట్టె లేకుండా బయటికి తెరిచి ఉండే శంకువు ఆకారపు ఫిల్టర్లు బానెట్ కింది వేడి గాలిని పీల్చుతాయి. గాలి ఉష్ణోగ్రత 30 నుండి 40 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. మట్టి బాటలపై తిరిగే వాహనాలకు ఇవి అనువైనవి కావు.

ఎంపిక

• పాత ఫిల్టరును దుకాణానికి తీసుకెళ్లి పొడవు, లోపలి, వెలుపలి వ్యాసాలు, రబ్బరు సీలు మందం సరిపోల్చాలి.
• ఐఎస్‌ఓ 5011 ప్రమాణం ప్రకారం పరీక్షించిన సామర్థ్య వివరాలు ఇచ్చే తయారీదారులకు ప్రాధాన్యమివ్వాలి.
• నూనె పట్టించిన నూలు ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సరుపై పేరుకొని తప్పుడు కొలతలకు దారితీస్తుంది. దుమ్ము ప్రాంతాలకు మంచి కాగితపు ఫిల్టరే మేలు.
• వాహనం వారంటీలో ఉంటే నిబంధనలు ముందుగా చూసుకోవాలి.

అమర్చే విధానం

1. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఫిల్టరు పెట్టె పైభాగాన్ని తుడవాలి. లేకుంటే మూత తీయగానే ఆ దుమ్ము లోపల పడుతుంది.
2. క్లిప్పులు విప్పి పాత ఫిల్టరును కుదుపు లేకుండా తీయాలి. సీలు మీద దుమ్ము చారలు అడ్డంగా ఉంటే అక్కడ గాలి దొంగదారిన పోతున్నట్లు గుర్తించాలి.
3. పెట్టె లోపల తడిగుడ్డతో తుడవాలి. కంప్రెసరు గాలి కొడితే దుమ్ము ఇంజను వైపు పోతుంది.
4. స్థూపాకారపు ఫిల్టరైతే లోపల బల్బు వెలిగించి రంధ్రాలు, చిరుగులు ఉన్నాయేమో చూడాలి.
5. సీలు చుట్టూ సమానంగా కూర్చునేలా ఫిల్టరును అమర్చి, ఎదురెదురు క్లిప్పులను ఒకదాని తరువాత ఒకటిగా బిగించాలి. బలవంతంగా మూత మూయవలసి వస్తే ఆ ఫిల్టరు కొలత సరికాదని అర్థం.
6. టర్బో వరకు ఉన్న రబ్బరు గొట్టాలలో పగుళ్లు, క్లాంపుల బిగువు పరిశీలించి, సెన్సరు ప్లగ్గును తిరిగి కలపాలి.

అమర్చిన తరువాత

వారం రోజులు తిరిగాక ఇంజను ఆపి, ఫిల్టరు దాటిన తరువాత ఉండే గొట్టం లోపలి భాగాన్ని తెల్లని గుడ్డతో తుడవాలి. గుడ్డకు ఎర్రమట్టి అంటితే ఫిల్టరు గాని, సీలు గాని ధూళిని ఆపడం లేదని తెలుసుకోవాలి. అటువంటి వాహనాన్ని లోపం సరిచేసే వరకు నడపరాదు.

కాగితపు ఫిల్టరుకు మాటిమాటికీ గాలి కొట్టించడం మరొక పొరపాటు. కాగితంపై పలుచగా పట్టిన ధూళి పొర సన్నని రేణువులను ఆపడానికి తోడ్పడుతుంది. అధిక పీడనంతో గాలి కొడితే కాగితం చిరుగుతుంది, ఆ చిరుగు కంటికి కనిపించకపోవచ్చు. తయారీదారు సూచించిన గడువుకు, దుమ్ము ఎక్కువైతే అంతకు ముందే, ఫిల్టరు మార్చడం శ్రేయస్కరం.

ట్రాక్టర్లకు, కోత యంత్రాలకు కూడా ఈ సూత్రాలే వర్తిస్తాయి. కృషి విజ్ఞాన కేంద్రాల యంత్ర శిక్షణ కార్యక్రమాల్లో విస్తరణ శాస్త్రవేత్తలు ఈ తెల్లగుడ్డ పరీక్షను రైతుల సొంత వాహనాల మీదనే చేసి చూపితే, ఎక్కువ గాలి కన్నా శుభ్రమైన గాలి ముఖ్యమన్న విషయం వారికి సులభంగా బోధపడుతుంది.