మెట్లు కనిపించని తెర
వికలాంగుల చిత్రణ: అపోహలు – వాస్తవాలు

అపోహ: తెరమీద వికలాంగుల్ని చూసి జాలిపడితే జనం సాయపడతారు, అది వాళ్ళకే మంచిది.

వాస్తవం: జాలిపడ్డవాడు చేతిలో చిల్లర పెడతాడు తప్ప, బస్సు మెట్టు అంత ఎత్తులో ఎందుకుందని అడగడు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని వికలాంగులు 2.68 కోట్ల మంది. వాళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళూ, పిల్లల్ని పెంచేవాళ్ళూ, పక్కింటివాళ్ళతో తగువు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. సినిమాలో మాత్రం చాలాసార్లు హీరో మంచితనం చాటడానికి రోడ్డు దాటించాల్సిన గుడ్డి తాతగానో, పెళ్ళికాని చెల్లెలిగానో మిగిలిపోతారు. కష్టమంతా ఒంట్లోనే ఉందని ఆ దృశ్యం నేర్పుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలా అనదు. ఒంట్లోని లోపానికి బయటి అడ్డంకులు తోడైనప్పుడే మనిషి సమాజంలో అందరితో సమానంగా పాలుపంచుకోలేకపోతాడని దాని నిర్వచనం.

అపోహ: అయితే జాలి మానేసి విజయగాథలు చూపిస్తే సరి.

వాస్తవం: మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతోనే చూపులేని బొల్లా శ్రీకాంత్ అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి పరిశ్రమ పెట్టారు. 2024లో ఆయన జీవితం హిందీ సినిమా అయింది. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి నిబంధనలు అడ్డొస్తే ఆయన కోర్టుకెక్కి సాధించుకున్నారు. అంటే ఆయన ఓడించింది నిబంధనని. ‘సంకల్పముంటే ఏదైనా సాధ్యమే’ అని చప్పట్లు కొట్టి లేస్తే, ఆ నిబంధన పెట్టినవాళ్ళు తప్పించుకుంటారు. కోర్టుకెళ్ళే స్తోమత లేక వేరే గ్రూపులో చేరిన పిల్లవాడు సంకల్పం లేనివాడైపోతాడు. మెట్లను చూసి ఎంత నవ్వినా అవి ర్యాంపు కావని ఆస్ట్రేలియా హాస్యనటి స్టెల్లా యంగ్ అన్నది ఇందుకే. ఆమె చక్రాల కుర్చీలో తిరిగిన మనిషి.

అపోహ: వికలాంగుల మీద హాస్యాన్ని తప్పుపడితే భావస్వేచ్ఛకు సంకెళ్ళు వేసినట్టే.

వాస్తవం: వైకల్యాన్ని హేళన చేసిందంటూ ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమాపై వేసిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. సినిమా జోలికి వెళ్ళలేదు. కానీ వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, కించపరిచే హాస్యం వేరంది. రేచీకటి లాంటి స్థితిని తప్పుగా చూపిస్తే అపోహలు పాతుకుపోతాయని హెచ్చరించింది, వికలాంగుల గురించి తీసేటప్పుడు వాళ్ళతో మాట్లాడమంది. ఎవరినీ నోరు మూసుకోమనలేదు, తెలుసుకుని మాట్లాడమంది, అంతే.

అపోహ: వికలాంగుల పాత్రలకు తగిన వికలాంగ నటులు దొరకరు.

వాస్తవం: ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యమాడిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించగా సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ తీసింది 1980ల్లోనే, అదీ తెలుగులోనే. నటనంటేనే పరకాయప్రవేశం కదా, ఎవరైనా చేయొచ్చు కదా అంటారు. నిజమే. మరి ఆ ప్రవేశం ఒకవైపు నుంచే ఎందుకు? కాళ్ళున్న నటుడు చక్రాల కుర్చీలో కూర్చుంటాడు. కుర్చీలోని నటికి లాయరు వేషమో, అత్తగారి వేషమో ఎవరిస్తున్నారు?

ఈసారి తెరమీద వికలాంగురాలి పాత్ర కనిపిస్తే ఒక్క సంగతి గమనించండి: కెమెరా ఆమె కాలి దగ్గరే ఆగిపోయిందా, ఎదురుగా ఉన్న మెట్లనూ చూపించిందా?