ఫోనులో వచ్చు బేరగాడు

సంతలో ఎద్దును కొనవచ్చినవాడు మొదట దాని నోరు తెరచి పళ్ళు చూచును. సుడులు చూచును. నాలుగడుగులు నడిపించును. పిమ్మట తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరమాడును. చెప్పిన ధరకు మారుమాట లేక తలయూపిన వానిని చూచి మన పెద్దలు సంతోషింపరు, సందేహింతురు. ఫోనుద్వారా వస్తువుల నమ్ముకొనువారికి నేడు మిక్కిలి అవసరమైనది ఆ పాత సందేహమే.

ఇప్పుడు సంత చేతిలోని ఫోనులోనికి వచ్చినది. పాత ట్రాక్టరుగాని, పాడిగేదెగాని, టేకు మంచముగాని, కుట్టుమిషనుగాని ఫోటో తీసి ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి చోట్ల ప్రకటించినచో దూరపు ఊళ్ళవారికిని కనబడును. దళారికి రుసుము లేదు. బండి కట్టుకొని పోవు శ్రమ లేదు. ఇది మేలే. అయితే సంతలో కొనువాని ముఖము కనబడును. ఇచ్చట కంఠము మాత్రమే వినబడును. ఆ చాటున కొందరు మోసగాండ్రు బయలుదేరిరి. వీరికి మన వస్తువుతో పనిలేదు. మన బ్యాంకు ఖాతాలోని సొమ్మే వీరికి కావలసినది. కొనువాడు మోసపోవుట మనమెరిగినదే. అమ్మువాడు వస్తువు ఇంటనుండగనే సొమ్ము పోగొట్టుకొనుట క్రొత్త.

ఇట్టివానిని గుర్తించుటకు కొన్ని లక్షణములు కలవు. మొదటిది, వాడు బేరమాడడు. ప్రకటన వెలువడిన కొంతసేపటికే పిలిచి, "మీరు చెప్పిన ధర ఇత్తును, ఇతరులకు అమ్మవలదు" అనును. వస్తువును చూడవచ్చెదనని అనడు. గేదె ఎన్నవ ఈతదో, పూటకు ఎన్ని లీటర్లిచ్చునో అడుగడు. ఈ క్షణముననే సొమ్ము పంపెదనని తొందరపెట్టును. వస్తువునెరుగని వానికి ధర చెల్లించుటకు అంత తొందర ఏల?

రెండవది, వాడు తాను సైనికుడనని చెప్పుకొనును. "నాకు బదిలీ అయినది, నేను రాజాలను, మా బండి వచ్చి సామాను తీసికొనిపోవును" అనును. నమ్మకము కొరకు గుర్తింపు కార్డు, క్యాంటీను కార్డు, సైనికదుస్తులతోనున్న ఫోటో పంపును. అవి కల్పితములు కావచ్చును, లేదా వేరొక నిజమైన సైనికుని వద్దనుండి సంగ్రహించినవి కావచ్చును. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామమువలె ఇంటింటనుండి బిడ్డలను సైన్యమునకు పంపిన ఊళ్ళు మనకు గలవు. సైనికుడన్న మనకు గల గౌరవమునే వీరు గాలముగా వాడుకొనుచున్నారు. మంచము కొనుటకు సైనికుడు తన ఉద్యోగపత్రము చూపనక్కరలేదని మనము గ్రహింపవలెను.

మూడవది ముఖ్యమైనది. దీనికై యూపీఐ అను పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను. 2016లో మన దేశమున ఆరంభమైన ఈ పద్ధతిచేత ఫోనునుండియే ఒక ఖాతాలోని సొమ్మును వేరొక ఖాతాకు పంపవచ్చును. పంపువాడు తన రహస్యసంఖ్యను, అనగా పిన్‌ను నొక్కవలెను. ఈ పిన్ డబ్బుసంచికి వేసిన ముడివంటిది. ఇచ్చువాడు సంచి ముడి విప్పును. పుచ్చుకొనువాడు చేయి చాచును. పుచ్చుకొనుటకు ముడి విప్పువాడెక్కడను లేడు. అట్లే క్యూఆర్ కోడ్ అను గళ్ళ చదరపు బొమ్మను ఫోనుతో స్కాన్ చేయుట సొమ్ము చెల్లించువాని పని. దుకాణములో బొమ్మ దుకాణదారునిది. స్కాన్ చేయువాడు కొనువాడు.

మోసగాడు ఈ క్రమమును తలక్రిందు చేయును. మొదట పదిరూపాయలు నిజముగానే పంపును. అవి చేరగానే మనకు నమ్మిక కుదురును. తరువాత ఒక బొమ్మ పంపి, "దీనిని స్కాన్ చేసి పిన్ నొక్కుడు, మిగిలిన సొమ్ము వచ్చును" అనును. పిన్ నొక్కినంతనే మన ఖాతాలోని సొమ్ము వానికి పోవును. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ నగరమున రాజకీయముగా ప్రసిద్ధమైన కుటుంబమునకు చెందిన యువతి పాత సోఫాను అమ్మజూపగా ఇట్లే జరిగినది. మొదట 20,000 రూపాయలు పోయినవి. పొరపాటు జరిగినది, తిరిగి పంపెదనని వాడు మరొక బొమ్మ పంపగా ఇంకను 14,000 పోయినవి. చదువు, పలుకుబడి గలవారికే ఇట్లయినప్పుడు మన ఊరి రైతును తప్పుపట్టుట న్యాయము కాదు.

ఒకరు మరొకరికి సొమ్ము కోరుచు పంపు 'కలెక్ట్' అభ్యర్థనల మూలమునను ఇట్టి మోసములు జరుగుచుండెను. వ్యక్తుల నడుమ ఆ సౌకర్యము 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయబడినది. అయినను బొమ్మల మోసము అంతటితో తీరలేదు.

నాలుగవది, అధికముగా పంపితినను నెపము. "ఐదువేలు పంపబోయి ఏబదివేలు పంపితిని, నలుబదియైదువేలు తిరిగి పంపుడు" అని ఏడ్చినట్లు మాటలాడును. ఫోనునకు ఒక సందేశము వచ్చియుండును. అది బ్యాంకు పంపినది కాదు, వాడు కల్పించినది. చెల్లించినట్లు చూపు రసీదు చిత్రమును సైతము సులభముగా కల్పింపవచ్చును. కావున సందేశమును నమ్మక ఖాతాలోని నిలువను స్వయముగా చూడవలెను. నిజముగనే అధికముగా చేరినను మనంతట మనము తిరిగి పంపరాదు, బ్యాంకువారికి తెలుపవలెను. ఆ సొమ్ము వేరొకరిని మోసగించి తెచ్చినదైనచో మన ఖాతాయే స్తంభింపజేయబడవచ్చును.

ఐదవది, ఏదో లంకె పంపి నొక్కుమనుట, లేక ఒక యాప్‌ను ఫోనులో పెట్టుకొనుమనుట. అట్టి యాప్‌లలో కొన్నిటిచేత మన ఫోనుతెర వానికి కనబడును. అప్పుడు వచ్చిన ఓటీపీయు రహస్యము కాదు.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. కొనువాడు వచ్చి వస్తువును కన్నులార చూడవలెను. పగటివేళ, నలుగురుండు చోట బేరము ముగింపవలెను. రొక్కము చేతబడిన పిదపగాని, సొమ్ము ఖాతాకు చేరినట్లు చూచుకొనిన పిదపగాని వస్తువును కదలనీయవలెను. సొమ్ము పుచ్చుకొనుటకై ఎవరు పిన్ నొక్కుమన్నను ఆ క్షణముననే ఫోను పెట్టివేయవలెను.

ఒకవేళ సొమ్ము పోయినచో వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. తమ బ్యాంకునకును తెలుపవలెను. దొంగలు ఆ సొమ్మును ఒక ఖాతానుండి మరొక ఖాతాకు త్వరత్వరగా మార్చి, తుదకు రొక్కముగా తీసికొందురు. అంతకు ముందే తెలిసినచో మధ్యనున్న బ్యాంకులు దానిని నిలిపియుంచగలవు. తన రహస్యమును తానే ఇతరులకు తెలిపి నష్టపోయిన ఖాతాదారు, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టమును తానే భరింపవలెననియు, తెలిపిన పిదప కలుగు నష్టము బ్యాంకుదనియు 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించెను. కావున ఆలస్యమైన ప్రతి గడియయు మన నష్టమునకే.

కాని మోసపోయినవాడు నలుగురు నవ్వుదురను సిగ్గుచేత రెండు మూడు దినములు నోరు విప్పడు. ఆ మౌనమే దొంగకు తోడ్పడును. పెద్దలైన మీరు చేయదగిన పని ఇచ్చటనే కలదు. గేదెనమ్మి బిడ్డకు కళాశాల జీతము కట్టదలచినవాడు ఖాతా పోగొట్టుకొని మీ అరుగు మీదికి వచ్చినచో, "నీకు బుద్ధి లేదా" అని అడుగుటకు ముందు 1930కి ఫోను చేయించుడు. మందలింపు మరునాటికైనను ఆగును, సొమ్ము ఆగదు.