కొనేముందు తిరగేసి చూడండి!

ఇంటర్వ్యూకి గంట ముందు షూ సోల్ ఊడితే? ఫైళ్లున్న బ్యాగు పట్టీ బస్సులో తెగితే? ఉద్యోగ వేటలో చేతిలో ఉండే డబ్బే తక్కువ. అందుకే కొన్నది ఏళ్లపాటు నిలవాలి. బిల్లు కట్టేముందు వీటిని ఓసారి తిరగేసి చూడండి.

షూ: సోల్ అంటించారా, కుట్టారా? అడగండి. కొన్నింటిలో అంచు కుట్టు అందానికే ఉంటుంది. నిజంగా కుట్టినదైతే అరిగినా కొత్త సోల్ వేయించుకోవచ్చు.

బ్యాగు: ల్యాప్‌టాప్ బరువంతా పట్టీ మొదట్లోనే పడుతుంది. అక్కడ ఒకే వరుస కాదు, అడ్డంగా, ఐమూలగా గట్టి కుట్లుండాలి. జిప్ నాలుగైదుసార్లు లాగి చూడండి.

ఇస్త్రీ పెట్టె: ఐఎస్‌ఐ గుర్తు ఒక్కటే చాలదు. దాని కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే నంబరు చూడండి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో తెలుస్తుంది.

ఇక లెక్క చూద్దాం. రూ.800 షూ 8 నెలలకే పోతే నెలకు రూ.100. రూ.2,400 షూ నాలుగేళ్లొస్తే నెలకు రూ.50 మాత్రమే!

అంత ఒకేసారి పెట్టలేమంటారా? అన్నీ వద్దు. మీరు రోజూ వాడేది ఒక్కటి మంచిది కొనండి. మిగతావి మొదటి జీతం వచ్చాక చూసుకోవచ్చు.