ప్రభకు ప్రాణం... నల్ల తీగ!

మహాశివరాత్రి. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ. చీకటి పడిందంటే చాలు, కొండ కింద నేల మీదే చుక్కలు పొడిచినట్టుంటుంది. త్రికోటేశ్వరుడికి మొక్కుకున్న ఊళ్లు కట్టి తెచ్చిన విద్యుత్‌ ప్రభలు అవి. 80 అడుగులు దాటినవీ ఉంటాయి. రంగులు మార్చే దీపాలు, మైకులు, ముందు వేదిక మీద పాటలు, డ్యాన్సులు... జనం కళ్లన్నీ పైనే. ఎలక్ట్రీషియన్‌ కళ్లు మాత్రం కింద, జనరేటర్‌ మీద!

అవును మరి, ప్రభకు స్తంభం నుంచి కరెంటు రాదు. సినిమావాళ్ల క్యారవాన్‌లాగే తన కరెంటు తనే వెంటబెట్టుకుని కదలాలి. కరెంటు పోతే కాసేపు చీకటి, అంతే. హద్దు దాటి వస్తేనే అసలు ముప్పు. ఇంటింటా చందాలు వేసుకుని కట్టిన ప్రభ కొండ చేరకముందే ఆరిపోతే ఊరంతా చిన్నబోతుంది.

కుదుపే శత్రువు

పెద్ద జనరేటర్‌ నుంచి మూడు ఫేజులు వస్తాయి. ఎరుపు, పసుపు, నీలం తీగలు. నాలుగోది నల్లది, న్యూట్రల్‌. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కు మధ్య ఉండేది 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య అయితే దాదాపు 400.

గతుకుల దారిలో బండి కుదుపులకు న్యూట్రల్‌ నట్టు వదులై ఊడిందనుకోండి. ఒక ఫేజులో 3 కిలోవాట్ల బల్బులు, మరో ఫేజులో 1 కిలోవాటు బల్బులు వెలుగుతున్నాయనుకుందాం. అప్పుడా 400 వోల్టులను రెండూ పంచుకోవాలి. ఎక్కువ బల్బులున్న వైపు 100 వోల్టులకు పడిపోయి మసకబారుతుంది. తక్కువ ఉన్నవైపు 300కు ఎగబాకుతుంది. ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఆంప్లిఫయర్లు క్షణాల్లో మాడిపోతాయి!

ఇంకో ముప్పు కూడా ఉంది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పితే ఇంజన్‌ మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది. దాంతో వోల్టేజి ఒక్క క్షణం ఎగురుతుంది. వోల్టేజిని అదుపుచేసే ఏవీఆర్‌ పాడైతే ఇక చెప్పక్కర్లేదు.

కాపాడేదెలా?

* జనరేటర్‌ వేగం నిలదొక్కుకున్నాకే లోడు వేయాలి. ఆపేటప్పుడు ముందు లోడు, తర్వాత ఇంజన్‌. దీపాలను కూడా విడతలవారీగా వేయాలి, విడతలవారీగానే ఆర్పాలి.

* మూడు ఫేజులకూ లోడు సమంగా పంచాలి.

* న్యూట్రల్‌కు మంచి లగ్గులు, స్ప్రింగు వాషర్లు వేసి బిగించాలి. బయల్దేరే ముందు ఒకసారి, కొండ చేరాక మరోసారి చూసుకోవాలి. దానికి విడిగా ఫ్యూజు పెట్టకూడదు. అది పోయినా న్యూట్రల్‌ తెగినట్టే!

* ఎంసీబీ ఉందిగా అని ధీమా వద్దు. అది ఆంపియర్లు పెరిగితే ఆపుతుంది, వోల్టేజి పెరిగితే కాదు. వోల్టేజి హద్దు దాటగానే సరఫరా తెంచే కటాఫ్‌ రిలే వేరే ఉండాలి.

* మనుషులకు షాకు తగలకుండా ఈఎల్‌సీబీ, ప్రభ నిలిపిన చోట ఎర్తింగ్‌ తప్పనిసరి.

ఇక దారిలోని కరెంటు తీగల సంగతి. సరఫరా ఆపించి, తీగలు తప్పించాకే ప్రభ కదలాలి. అక్కడ తొందరపడితే పోయేది బల్బులు కాదు, ప్రాణాలు.

మన ఇంట్లోనూ...

వీధి స్తంభం మీద న్యూట్రల్‌ తెగినా జరిగేది ఇదే. గాలివాన రోజున ఒకింట్లో బల్బు మినుకుమంటుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది. లైట్లు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగా వెలిగితే సంబరపడకండి. వెంటనే మెయిన్‌ ఆపేసి లైన్‌మన్‌కు కబురు చేయండి. మాచర్లలోనైనా, గురజాలలోనైనా ఇదే సూత్రం.

ఈసారి తిరునాళ్లకు వెళితే ప్రభ కొసకు దండం పెట్టుకున్నాక, కింద టెస్టరు పట్టుకుని కూర్చున్న మనిషినీ ఓసారి పలకరించండి. ఆ వెలుగుకు కాపలాదారు అతనే!