పన్ను పోయినను పోని జబ్బు

సికిందరాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు తెల్లవారకముందే మేలుకొనును. లారీలనుండి బస్తాలు దిగుచుండగా, టీ గ్లాసులు చేతులు మారుచుండగా, అచ్చటి మాటలలో ధరలతోబాటు పళ్ళ బాధ కూడ వచ్చుట వింత కాదు. ఏబది యేండ్లు దాటిన వ్యాపారి యొకడు, జామకాయ కొరికినచో దానిపై నెత్తుటి చార పడుచున్నదనియు, ముందరి పళ్ళు నాలుగు నాలుకతో నెట్టిననే కదలుచున్నవనియు చెప్పుకొన్నాడనుకొందము. "కదిలేటివన్ని పీకిపిచ్చి స్క్రూ పండ్లు వెట్టిపిచ్చుకుంటే పీడ వోతది గదా!" అని ప్రక్కవాడు సలహా చెప్పును. డబ్బు చేతబట్టుకొని దంతవైద్యుని కడకు పోగా ఆయన, "ముందు చిగుళ్ళు బాగుచేయాలి, కొత్త పళ్ళ సంగతి తరువాత" అనును. పన్నే పీకివేసిన పిదప చిగుళ్ళతో పనియేమి?

ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. పంటిని అంటి పుట్టిన జబ్బు పన్ను పోగానే పోవలెనని ఎవరికైనను తోచును. అట్లేల జరుగదో తెలియవలెనన్నచో, పన్ను దవడలో ఎట్లు నిలిచియున్నదో మొదట చూడవలెను.

పన్ను గోడలో మేకువలె ఎముకలో దిగగొట్టబడినది కాదు. పంటి వేరునకును ఎముకకును నడుమ ఇంచుమించు 0.2 మిల్లీమీటరు సందు కలదు. ఆ సందులో వేలకొలది సన్నని నారలు ఒక కొనతో వేరును, మరియొక కొనతో ఎముకను పట్టుకొని, నులకమంచపు అల్లికవలె పంటిని ఊయలలో నిలిపియుంచును. గట్టి శనగలు నమలునప్పుడు పడు బరువును ఈ అల్లికయే తీసికొనును. అన్నములో ఇసుకరేణువు తగిలిన తక్షణమే మనము నమలుట ఆపుటకు కూడ దీనిలోని నరములే ముఖ్య కారణము. ఎముకకు పైభాగమున చిగురునుండి వచ్చిన నారలు వేరులోనికి అడ్డముగా చొచ్చుకొని కంచెవలె నిలుచును. ఈ కంచెను జ్ఞాపకముంచుకొనవలెను.

పంటిమీద పేరుకొను పాచి కేవలము అన్నపు మురికి కాదు, సూక్ష్మజీవుల ఊరు. హాలెండు దేశపు లీవెన్‌హుక్ తన పళ్ళనుండి తీసిన పాచిని తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో చూచి, అందులో కదలాడు జీవులను గూర్చి 1683లో లేఖ వ్రాసెను. పాచి తీయక వదలినచో లాలాజలములోని ఖనిజములు చేరి గట్టిపడి గార అగును. గారమీద మరల పాచి చేరును. చిగురు వాచి, పంటినుండి విడివడి, సంచివంటి లోతైన గుంట ఏర్పడును. వైద్యుడు మొద్దుమొనగల సన్నని కొలతపుల్లను అందులోనికి దింపి చూచును. ఆరోగ్యముగానున్నచో అది 1 నుండి 3 మిల్లీమీటర్లలో ఆగును. జబ్బుగలచోట 5, 6, అంతకు మించి కూడ దిగును. గాలి చొరరాని ఆ గుంటలలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ మొదలగు సూక్ష్మజీవులు వృద్ధిపొందును.

ఇక్కడ ఒక విచిత్రము కలదు. ఎముకను తినునది సూక్ష్మజీవి కాదు. దానితో పోరాడు శరీరమే ఆ పోరాటపు వేడిలో తన ఎముకను తానే కరగించుకొనును. అందుచేతనే ఒకే పాటి పాచి ఉన్న ఇద్దరిలో ఒకరి పళ్ళు కదలును, మరొకరివి కదలవు. వంశపారంపర్యము, పొగాకు, అదుపులేని మధుమేహము ఈ తేడాకు ముఖ్య కారణములు. జనులు పయోరియా అనునది ఈ జబ్బునే.

ఇక స్క్రూ పన్ను సంగతి. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1952 ప్రాంతమున లుండ్ నగరములో కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియముతో చేసిన పరికరమును అమర్చి, లోపలి రక్తప్రసారమును పరిశీలించెను. పని ముగిసిన పిదప దానిని ఊడదీయబోగా అది రాలేదు. ఎముక లోహమును అంటిపెట్టుకొని పెరిగియుండెను! 1965లో గోటెన్‌బర్గ్ నగరమున, పుట్టుకతోనే దవడ లోపముగల గోస్టా లార్సన్ అను ఆయన క్రింది దవడలో అట్టి స్క్రూలను నాటెను. 2006లో లార్సన్ మరణించువరకు, అనగా నలుబది యేండ్లకు పైగా, అవి ఆయనకు పనిచేసినవి. ఇది చేతిపనిలో అనుకోకుండ దొరికిన వరమనుటలో తప్పులేదు.

ఐతే ఎముక లోహమును తిన్నగా అంటుకొనుటచే నడుమ ఊయల లేదు. ఊయలతోబాటు అందలి రక్తనాళములును లేవు. మరియు చిగురు నారలు లోహములోనికి చొచ్చుకొనజాలవు, దాని ప్రక్కగా నిలువునను చుట్టును మాత్రమే సాగును. అనగా కంచె లేదు. ప్రక్కనున్న జబ్బు పళ్ళ గుంటలలోని సూక్ష్మజీవులు కొత్త స్క్రూచుట్టు కాపురము పెట్టుట కష్టము కాదు. పళ్ళన్నియు తీసివేసినను నోటిలో అవి తగ్గునేగాని పూర్తిగా తుడిచిపెట్టుకొనిపోవునని చెప్పజాలము. అన్నింటికి మించి, ఆ శరీరము పోరాడు తీరు పన్నుతోబాటు ఊడిపోదు. ఎముక త్వరగా అంటుకొనవలెనని నేటి స్క్రూల పైభాగమును గరుకుగా చేయుదురు. ఎముక కరగి ఆ గరుకు మరలు బయటపడినచో పాచికి కూడ అదే పట్టు దొరకును, తుడుచుట దుస్సాధ్యమగును.

కదలుటను బట్టి జబ్బును తెలిసికొందమన్నచో, స్క్రూ విషయమున ఆ గురుతు పనికిరాదు. పైభాగమున ఎముక చాలవరకు కరగినను, అడుగున మిగిలిన కొద్ది ఎముక లోహమును బిగియబట్టియే యుండును. నొప్పియు తరచుగా ఉండదు. కదలినదనగా అది ఇక నిలుచునది కాదు. మొదటి గురుతు నెత్తురే.

కాబట్టి చిగుళ్ళ జబ్బు కలవారికి ఈ పళ్ళు కూడవా? కూడును, వరుస తప్పకున్నచో. మొదట గారను, చిగురు లోపలి వేరుమీది మురికిని తీయవలెను. అవసరమైనచో చిగురు తెరచి శుభ్రపరచవలెను. కొన్ని వారములాగి గుంటలను మరల కొలువవలెను. అప్పుడొక మంచి సంగతి బయటపడును. వాపు తగ్గగానే, పీకింపదలచిన పళ్ళలో కొన్ని గట్టిపడి నిలుచును. ఇట్లు నిలువగల పంటిని తీసి స్క్రూను పెట్టుట లాభసాటి బేరము కాదు. బోయిన్‌పల్లి బేరగానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పొగాకు మానుట, మధుమేహమును అదుపులోనికి తెచ్చుట కూడ ఈ వ్యవధిలోనే మొదలుకావలెను. 1959లో స్థాపింపబడిన హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చిగుళ్ళ చికిత్సకు ప్రత్యేక శాఖ కలదు.

నాటిన స్క్రూను ఎముక పట్టుకొనుటకు సాధారణముగా 3 నుండి 6 నెలలు పట్టును. దానిపై పన్ను బిగించిన నాడే ఎక్స్‌రే తీయించి భద్రపరచుకొనవలెను. తరువాతి సంవత్సరములలో ఎముక తగ్గినదా లేదా అని పోల్చి చూచుటకు అదియే ఆధారము. చిగుళ్ళ జబ్బు ఒకప్పుడుండినవారు మూడు నాలుగు నెలలకొకమారు చూపించుకొనుట మంచిది. రాత్రి పరుండబోవుముందు, స్క్రూకును ప్రక్క పంటికిని నడుమ దూరు చిన్న కుచ్చుబ్రష్షుతో తోముకొనవలెను. ఆ కుచ్చు ఎర్రబడినచో ఆ వారమే వైద్యునికి చూపవలెను. వాపు చిగురు వరకే ఉన్నప్పుడు శుభ్రపరచినచో చాలవరకు తగ్గును. ఎముక కరగుట మొదలైన తరువాత దానిని పూర్వపు ఎత్తునకు తెచ్చుట నేటికిని నిశ్చయముగా చేయగల పని కాదు.