పెన్న వరదయు గండికోట యాత్రయు

నిండిన చెరువును జూచిన కన్ను చల్లబడునందురు. కరవుసీమ యిల్లాండ్రకు ఈ మాట మరింత నిజము. కాని చెరువు నిండుట వేరు, కట్ట తెగుట వేరు. కడప జిల్లాలో నీటికై మొగము వాచిన యూళ్లే యొక్కొక్క యేట ఆ నీటివలన కన్నీరు పెట్టుకొనుచున్నవి. వరద కాపుదలయు, విహారయాత్రయు నొకదానికొకటి యడ్డుగాక యెట్లు సాగవలయునో సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

పెన్నానది కర్ణాటకమునందలి నందికొండల ప్రాంతమున బుట్టి, ఎర్రమలలను జీల్చుకొని లోతైన లోయగుండ బారుచున్నది. ఆ గండివలననే గండికోటకు పేరు వచ్చినది. లోయ యంచున ఎర్రరాతి ప్రాకారము, మాధవరాయస్వామి, రంగనాథస్వామి యాలయములు, జుమ్మామసీదు నేటికిని నిలిచియున్నవి. ఈ చోటి యభివృద్ధికై కేంద్రప్రభుత్వము 2024లో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

ఆ నదిపైననే దాదాపు 27 టీ.ఎం.సీ.ల నీరు పట్టు జలాశయము కలదు. ఒక టీ.ఎం.సీ. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. దానికి దిగువను మైలవరము ఆనకట్ట, ఆ పిమ్మట జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. పైని విడిచిన నీరు ఈ రెండూళ్ల ప్రక్కగనే పోవలయును.

ఇచటనే చిక్కున్నది. నిండిన బిందెలో మరల నీరు పోసిన నేలపాలగును. వెలితి యున్నచో లోపల నిలుచును. జలాశయమును నంతియే. కొంత వెలితి యుంచినగాని అది వరదను బట్టజాలదు. యాత్రికులో, నిండునీటిని జూడగోరుదురు. పులివెందుల తోటలకు ఇచటినుండియే నీటి నెత్తిపోయుదురు గనుక రైతులును నిండుటనే కోరుదురు. రైతు కోరిక బ్రదుకుతెరువు. యాత్రికుని కోరిక వేడుక. కావున యాత్ర నీటిమట్టముపై నాధారపడరాదు. కోట, గుడులు, లోయ వేసవియందును జూడదగినవే.

ఏమరుపాటు ఫలమును 2021 నవంబరులో జూచితిమి. అప్పటి కడప జిల్లాలో, చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట ఆ నెల 19వ తేదీన తెగి, పులపత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములను ముంచినది. పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ దినములలోనే కమలాపురము చెంత పాపఘ్ని వంతెన కూలినది. ఆ పాపఘ్ని యొడ్డుననే, వేంపల్లె సమీపమున, గండి ఆంజనేయస్వామి క్షేత్రము కలదు. శ్రావణ శనివారములందు పిల్లలతో తల్లులు వేలుగా వచ్చునట్టి చోట ముందుహెచ్చరిక యెంత యవసరమో వేరుగ జెప్పనేల?

కావున వసతిగృహములను వరద పారు తావున గట్టరాదు. తూములు తెరచు దినములలో పడవలు నిలుపవలయును. జలాశయముకొరకు తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారు ఇల్లువాకిళ్లను విడిచిరి. యాత్రవలన వచ్చు రాబడిలో మొదటి పాలు ఆ యింటి స్త్రీలకు దక్కుట న్యాయము. వారు వండిపెట్టు జొన్నరొట్టె, రాగిసంగటి యాత్రికుల కేల రుచింపవు?

గండికోటకు బోవు సోదరీమణులారా! బయలుదేరుటకు మునుపు వాననుగూర్చియు, తూములు తెరచుటనుగూర్చియు విచారింపుడు. లోయ యంచున బిడ్డల చేయి విడువకుడు. ప్లాస్టికు సంచుల నచట బారవేయకుడు. ఒక పూట భోజనమైనను ఆ యూరివారియొద్దనే చేయుడు.