చారిత్రక నవలయు, రజకుని మూటయు

మా పాఠశాల గ్రంథాలయములో అట్ట ఊడువరకును చేతులు మారు పుస్తకములు చారిత్రక నవలలే. అయినను వానిని గూర్చి అందరి అభిప్రాయము ఒక్కటి కాదు. తరగతిలో మేము విచారింపగా, రాకుమార్తె కత్తిపట్టి నిలుచు ఘట్టమే తమకు ప్రియమని కొందరు బాలికలు చెప్పిరి. "మారువేషము, సొరంగము, రాజముద్రిక, దాచి కాపాడిన రాజకుమారుడు! ప్రతి నవలలోను ఇవియేనా, అయ్యవారూ?" అని ఒక బాలుడు నవ్వెను. గుడియాత్తమున మగ్గము నేయు తండ్రి యొకరు, "అవి కట్టుకథలు గదా! మా బిడ్డ తెలుగు చదివి తెలిసికొనునది ఇదియేనా?" అని అడిగిరి. ఆ నవ్వునకును ఈ ప్రశ్నకును ఉత్తరము చెప్పుట మా విధి.

నవలాకారులు ఒకే తీరు ఉపాయములను ఏల వాడుదురు? శాసనములు దానములను, యుద్ధములను, తేదీలను తెలుపును. రాణి మనసులో ఏమున్నదో తెలుపవు. ఆ వెలితిని రచయిత ప్రేమకథతో పూరించును. పాత్రలను నిషిద్ధ స్థలములలోనికి కొనిపోవుటకు మారువేషము సులభమైన వాకిలి. అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి'లో నాయకుడు గజదొంగయై తిరుగుచునే రుద్రమదేవికి మేలు చేయును. విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర'లో, నాయకరాజుల నాటి మధురయందు, ఇద్దరు మిత్రులలో ఒకరు వలచిన కన్యను మరియొకరు తెలియక వివాహమాడుదురు. తమిళమున 1950 మొదలు 1954 వరకు వారపత్రికలో వెలువడిన కల్కిగారి 'పొన్నియిన్ సెల్వన్'లోను మారువేషములకు, రహస్యమార్గములకు కొదవ లేదు.

ఉపాయము పాతదగుట దోషము కాదు. దానికి చరిత్రలో ఆధారమున్నదా అనునదియే విచారింపవలసినది. రుద్రమదేవి పురుషనామమున ఏలెననుట కల్పన కాదు. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొన్నవి. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. ఆమె హృదయమున మెదిలిన మాటలు మాత్రము రచయిత సొత్తు.

ఇక నవ్విన బాలునికి సమాధానము మన రాయవేలూరు కోటలోనే కలదు. 1614లో విజయనగర ప్రభువగు రెండవ వేంకటపతిరాయలు మరణించిరి. ఆయన తరువాత రాజ్యమునకు వచ్చిన శ్రీరంగరాయలను జగ్గరాయుడను సామంతుడు బంధించి, వేంకటపతిరాయల కుమారుడని చెప్పబడిన మరియొక బాలుని సింహాసనమెక్కించెను. ఆ బాలుడు రాణి కన్నబిడ్డ కాడనియు, ఎరవు తెచ్చిన బిడ్డయనియు ఆనాడే చెప్పుకొనిరి. తుదకు జగ్గరాయుడు శ్రీరంగరాయలను సకుటుంబముగా ఈ కోటలోనే చంపించెను. అంతకుముందే యాచమనాయకుడు రాజు రెండవ కుమారుడగు రాముని ఒక రజకుని సహాయమున, బట్టల మూటలో దాచి వెలుపలికి రప్పించెను. ఈ వృత్తాంతమును బరదాస్ అను పోర్చుగీసు మతగురువు 1616లో లేఖగా వ్రాసియుంచెను. పిమ్మట తంజావూరి రఘునాథనాయకుని తోడ్పాటుతో యాచమనాయకుడు తోపూరు యుద్ధమున జగ్గరాయుని గెలిచెను. రాముడు రాజయ్యెను.

మారుబిడ్డ, మూటలోని రాకుమారుడు, ప్రభుభక్తుడగు వీరుడు: నవలలో చదివి నవ్వినవన్నియు మన కోటగోడల నడుమనే నడచినవి గదా!

కాని ఇందొక విషయమును మేము మరువలేకున్నాము. రాజు పేరు నిలిచినది. నాయకుని పేరు నిలిచినది. ద్రోహి పేరు సైతము నిలిచినది. పట్టుబడిన తన తల పోవునని యెరిగియు మూట నెత్తిన రజకుని పేరు లేదు. నవలలు ఏలికల ప్రేమలనే వర్ణించి ఇట్టివానిని ఒక పంక్తితో దాటిపోవుటయే నిజమైన లోపమని మా అభిప్రాయము. మగ్గము నేయు ఇంటి బిడ్డ నవల చదువునపుడు, "ఈ కథలో మావంటి వారెక్కడ?" అని అడుగవలెను. మంచి నవల ఆ ప్రశ్నకు జంకదు.

తండ్రిగారికి మరియొక మాట. 'పొన్నియిన్ సెల్వన్' అనగా రాజరాజచోళుడు. ఆయన కుమార్తె కుందవ్వ వేంగి రాజగు విమలాదిత్యుని వివాహమాడెను. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు; ఆయన కోరికపైననే నన్నయ భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. నోరి నరసింహశాస్త్రిగారి 'నారాయణభట్టు' ఆ కాలపు కథయే. వీధిలో తమిళము, ఇంట తెలుగు మాటలాడు మన బిడ్డలు తాతగారి కథను ఒక భాషలోను, మనుమని కథను మరియొక భాషలోను చదువగలరు. ఒక్క భాషయే యెరిగినవారికి ఈ భాగ్యము లేదు. తెలుగు విడిచినచో సగము కథ మూతపడును.

విద్యార్థులారా! నవల ముగించిన పిదప ఇందు ఆధారమున్నదేది, కల్పించినదేది, పేరు లేక మిగిలినవారెవ్వరు అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. సెలవునాడు తల్లిదండ్రులతో కోటకు పోయి కందకము చెంత కొంతసేపు నిలువుడు. మూట నెత్తిన ఆ మనుష్యుని తలచుకొనుడు. అతని కథను తెలుగున వ్రాయువారు మీలోనే యుండవచ్చును.